ఈదవ్వ ఎంగిలి

అనగనగా ఒక గుట్ట. ఎప్పటి గుట్ట అని అడగకండి, గుట్టలకు పుట్టినరోజులు ఉండవు. ఆ గుట్టకు మూడు వాడలు. గుట్ట మీద గొల్లవాడ. గుట్ట కింద వాగు ఒడ్డున బెస్తవాడ. నడుమ సాలెవాడ. ఊ కొడుతున్నారా? కొట్టండి. ఊ కొట్టేవాళ్ళు లేకపోతే కథ కాళ్ళు చాపుకుని పడుకుంటుంది.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ కథ నిండా పొగ ఉంది. పొగ మంచిదని నా నోట రాదు. కానీ ఆ కాలంలో అందరూ తాగేవాళ్ళు, ఆడా మగా తేడా లేదు. తాగినవాళ్ళను తాగలేదని చెబితే అది కథ కాదు, అబద్ధం.

తమాకు అందరిదీ ఒకటే. దాన్ని చుట్టుకునే ఆకు దగ్గరే వచ్చింది తంటా అంతా. ఏ ఆకు చేతికి దొరికితే ఆ ఆకులో చుట్టుకోవడం, తిట్టుకుంటూ తాగడం. మూడు వాడల్లోనూ ఇదే గోల.

అలాంటి రోజుల్లో ఆ గుట్టకు ఒక ముసలమ్మ వచ్చింది. నెత్తిన ఆకులకట్ట, చేతిలో కర్ర. పేరు అడిగితే ఈదవ్వ అంది. ఊరు అడిగితే అడవి దిక్కు చెయ్యి చూపింది. మూడు వాడల బాటలు కలిసే చోట ఒక ఇప్పచెట్టు ఉండేది. దాని పక్కన నాలుగు కర్రలు పాతి, పైన గడ్డి కప్పి, అందులో ఉండిపోయింది.

మన వాళ్ళు ఊరుకుంటారా? గొల్లవాడ వాళ్ళు వచ్చి అడిగారు, నీదే కులమవ్వా అని. ఆకులేరుకునే కులం అంది. బెస్తవాడ వాళ్ళు వచ్చి అడిగారు. ఆకులేరుకునే కులం అంది. సాలెవాడ వాళ్ళు వచ్చి కాస్త గట్టిగా అడిగారు. కాస్త గట్టిగా అదే మాట అంది. ఇక లాభం లేదని అడగడం మానేశారు. కానీ ఆమె ఇంట్లో నీళ్ళు మాత్రం ఎవరూ తాగేవాళ్ళు కాదు. కులం తెలియని కుండ కదా.

మొదట ఆమె దగ్గరికి గొల్ల కొంరయ్య వచ్చాడు. ఏదో పిల్లాకులో చుట్టుకుంటున్నాడట. రెండు గుంజులకే అయిపోతోంది. మళ్ళీ చుట్టి, మళ్ళీ చెకుముకి కొడదామంటే గుట్ట మీద గాలి నిప్పును నిలవనివ్వదు. ఈయన రాయితో కుస్తీ పడుతుంటే మంద పోయి ఎవరి చేలోనో పడుతోంది.

"చెయ్యి చూపియ్యి బిడ్డా, ఆకు చెప్త" అంది ఈదవ్వ.

కొంరయ్య చెయ్యి చూపించాడు. ఎండకు పగిలి బీటలు వారిన చెయ్యి. ఆమె కట్టలోంచి మోదుగాకు తీసింది. అరిచెయ్యి కన్నా వెడల్పు, బాగా మందం. రెండు చుట్లు చుట్టి బొటనవేలంత చేసింది. చేదుగా ఉంటుంది, మొండిగా కాలుతుంది, ఒకసారి అంటుకుందా, గాలి ఎంత కొడితే అంత రాజుకుంటుంది. గుట్ట ఇటు పక్క ముట్టిస్తే మంద అటు పక్క దిగేదాకా ఉంటుంది. కొంరయ్య ఆ రోజు నుంచి మోదుగాకు మనిషి అయ్యాడు. ఆయనను చూసి గొల్లవాడ అంతా అయింది.

తర్వాత బెస్త గంగు వచ్చింది. ఆమె మగవాళ్ళతో సమానంగా వల విసిరేది. ఆమె బాధ వేరు. చెయ్యి ఎప్పుడూ తడి. ఎండుటాకు పట్టుకుంటే నాని చినిగిపోతుంది, తమాకు అంతా ఒళ్ళో పడుతుంది. ఈ పొగ మీద మన్ను పోయ అని తిట్టుకుంటూ వచ్చింది.

"చెయ్యి చూపియ్యి బిడ్డా, ఆకు చెప్త" అంది ఈదవ్వ.

గంగు చెయ్యి చూపించింది. నీళ్ళలో నాని తెల్లబడ్డ వేళ్ళు, చేపల వాసన. ఈదవ్వ ఆరె ఆకు తీసింది. ఎద్దు గిట్ట అచ్చు వేసినట్టు నడిమికి చీలి ఉంటుంది ఆ ఆకు. మెత్తగా, తోలులా సాగుతుంది. తడి తగిలినా విడిపోదు, మడత పెడితే పెట్టిన చోటే ఉంటుంది. కాస్త పచ్చి వాసన వస్తుంది, అంతే. చేపల వాసన ముందు అదెంత? గంగు ఆరె ఆకు మనిషి అయింది. ఆమెను చూసి బెస్తవాడ అంతా అయింది.

మూడోసారి సాలె అంబదాసు వచ్చాడు. ఇతను వచ్చేటప్పుడు ఏడుస్తూ వచ్చాడు. అంబదాసుకు తల్లి చిన్నప్పుడే పోయింది. చిన్నాయన భద్రయ్య ఇంట్లో పెరిగి, మగ్గం నేర్చుకుని, తన మగ్గం తను పెట్టుకున్నాడు. నేస్తూ నేస్తూ చుట్టను మగ్గం గుంట అంచు మీద పెట్టి మరిచిపోయాడు. అది మోదుగాకు చుట్ట. తనంతట తనే కాలుతూ పోయి పడుగు దారాలకు అంటుకుంది. నెల పొద్దులు పోసిన పడుగు, బుగ్గి. కొత్త మగ్గం వాడికి ఆ బుగ్గి ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

"చెయ్యి చూపియ్యి బిడ్డా, ఆకు చెప్త" అంది ఈదవ్వ. ఈసారి మెల్లగా అంది.

అంబదాసు చెయ్యి చూపించాడు. గంజి తగిలి తగిలి నున్నబడ్డ వేళ్ళు. ఆమె తునికాకు తీసింది. నీడన ఆరబెట్టి, తడిగుడ్డలో చుట్టి ఉంచిన ఆకు. పలచన, నునుపు, ఈనెలు కనబడీ కనబడనట్టు. నాలుగు వేళ్ళ మేర కత్తిరించి, సన్నగా చుట్టి, దారం కట్టింది. ఇది మనిషి గుంజితేనే కాలుతుంది, గుంజడం ఆపితే ఆరిపోతుంది అని చెప్పింది. అంబదాసు నమ్మలేదు. ముట్టించి పక్కన పెట్టి చూశాడు. మాట మీద నిలబడ్డట్టు ఆరిపోయింది. ఇక సాలెవాడ అంతా తునికాకు వాడ అయింది. ఆ తర్వాత పొగ వల్ల ఒక్క పడుగూ కాలలేదు.

ఇలా ఏళ్ళు గడిచాయి. ఈదవ్వ అడవికి పోయి ఆకు తెచ్చేది, గొల్లలు మజ్జిగ పోసేవాళ్ళు, బెస్తలు చేపలిచ్చేవాళ్ళు, సాలెలు కట్టుకోను బట్ట ఇచ్చేవాళ్ళు. ఆమె బతుకు అలా సాగింది. కానీ మన వాళ్ళకు ఊరికే ఉంటే తోచదు కదా. మా ఆకు గొప్పంటే మా ఆకు గొప్పని మూడు వాడలూ వాదులాడుకునేవి. మోదుగాకుది మగతనం అని గొల్లలు. తునికాకుది మర్యాద అని సాలెలు. మీ ఇద్దరి ఆకులూ చెంబెడు నీళ్ళకు చస్తాయి అని బెస్తలు. చివరికి ఈదవ్వను అడిగేవాళ్ళు, ఏది మంచి ఆకో నువ్వు చెప్పవ్వా అని. ఎవల ఆకు ఆల్లకు మంచిది అని నవ్వేది. ఆ నవ్వును కూడా మూడు వాడలూ తమవైపే లెక్క వేసుకున్నాయి.

ఒక ఎండాకాలం పొద్దున ఈదవ్వ లేవలేదు. ఆకులకట్ట తల కింద పెట్టుకుని, పడుకున్న మనిషి పడుకున్నట్టే పోయింది. మంచి చావు. కానీ మంచి చావు వెనక చెడ్డ తగాదా మొదలైంది.

ఈదవ్వ మా మనిషి, మేం తీసుకుపోతాం అన్నారు గొల్లలు. ఎందుకంటే ఆమె తాగేది మోదుగాకు, మా కళ్ళతో చూశాం. కాదు, ఆమె తాగేది ఆరె ఆకు, మేం చూశాం అన్నారు బెస్తలు. మీ ఇద్దరికీ కళ్ళు పోయాయి, ఆమె తునికాకు తప్ప తాగదు అన్నారు సాలెలు. శవాన్ని నడుమ పెట్టుకుని ఆకుల పంచాయితీ! అందరూ మా మనిషి అన్నారు గానీ, తలకొరివి ఎవరు పెడతారంటే మాత్రం అందరూ నేల చూశారు. కులం తెలియని మనిషికి కొరివి పెట్టి కులానికి తప్పు చేసినవాళ్ళమవుతామని భయం.

అప్పుడు అంబదాసు ముందుకు వచ్చాడు. నాకు తల్లి లేదు, ఆమెకు కొడుకు లేడు, నేను పెడతాను అన్నాడు.

చిన్నాయన భద్రయ్యే సాలెవాడకు పెద్దమనిషి. ఆయన చాలాసేపు మీసం దువ్వుకుని, అందరూ వినేలా చెప్పాడు.

"పెట్టు కొడకా. మూడోనాడు పిట్ట ముడితె నువ్వు ఆమె కొడుకువే, ఎవడు కాదనడు. ముట్టకుంటె నీ కొరివి చెల్లనట్టే. ఆ ముసల్ది ఆగమైతది, నువ్వు గూడ వాడల ఉండొద్దు."

మీలో తెలియని వాళ్ళకు చెబుతున్నా వినండి. మా దిక్కున మనిషి పోయిన మూడోనాడు, ఆ మనిషి ఇష్టంగా తిన్నవన్నీ వండి విస్తరిలో పెడతాం. కాకి వచ్చి ముట్టాలి. ముడితే పోయినవాళ్ళు తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలి ఇక్కడిక్కడే తిరుగుతున్నట్టు. విస్తరికి వండేది తప్ప, పిట్ట ముట్టేదాకా ఎవరి ఇంట్లోనూ పొయ్యి రాజేయరు. అంబదాసు సరే అని కొరివి పెట్టాడు.

మూడోనాడు పొద్దున వాగు ఒడ్డున విస్తరి పరిచారు. గొల్లలు మేకకూర తెచ్చారు. బెస్తలు చేపల పులుసు తెచ్చారు. సాలెలు అన్నం, గుడ్డు, కల్లు తెచ్చారు. విస్తరి పక్కన మూడు వాడలూ మూడు చుట్టలు పెట్టాయి. ఒకటి మోదుగాకుది, ఒకటి ఆరె ఆకుది, ఒకటి తునికాకుది. చాలా శుద్ధంగా పెట్టారు. పోయినవాళ్ళకు పెట్టేది ఎంగిలి కాకూడదు కదా. అందుకని నోటికి తగలనివ్వకుండా, చుట్టలను నిప్పు మీద ఆనించి, విసనకర్రతో విసిరి ముట్టించి పెట్టారు. అందరూ వెనక్కి జరిగి కూర్చున్నారు.

కాకులు లేకనా? కావలసినన్ని ఉన్నాయి. చెట్టు మీద కూర్చుని మెడ వంచి విస్తరిని చూశాయి. ఒకటి కిందికి దిగింది, విస్తరి చుట్టూ తిరిగింది, మళ్ళీ ఎగిరి కొమ్మ మీద కూర్చుంది.

పొద్దెక్కింది. మోదుగాకు చుట్ట గాలికి తనంతట తనే కాలి బూడిదైపోయింది. ఆరె ఆకు చుట్ట పచ్చిపొగ వదిలి మాడిపోయింది. తునికాకు చుట్ట ఎప్పుడో ఆరిపోయింది. మళ్ళీ మూడు చుట్టి పెట్టారు. మళ్ళీ అంతే. మూడోసారి పెట్టారు. మూడోసారీ అంతే.

ఇక మొక్కులు మొదలయ్యాయి. నీ గుడిసెను మేం కప్పుతాం అవ్వా, ముట్టు అన్నారు గొల్లలు. నీ పేరున వాగుకు దీపం వదులుతాం, ముట్టు అన్నారు బెస్తలు. నీకు కొత్త చీర నేసి వాగులో వదులుతాం, ముట్టు అన్నారు సాలెలు. కాకి ముక్కును కొమ్మకు రుద్దుకుంది.

పొద్దు నడినెత్తి మీదికి వచ్చింది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. పెద్దవాళ్ళు ఆకలిని కోపంగా మార్చుకున్నారు. మీ ఆకు వాసనకే పిట్ట రావడం లేదని ఒకరంటే, మీ మొహాలు చూసి రావడం లేదని ఇంకొకరు. కొంతమంది కర్రలు సర్దుకున్నారు కూడా. భద్రయ్య లేచి నిలబడి, పొద్దు వాలుతోంది, ఇక మాట ప్రకారం తేల్చేద్దాం అన్నాడు.

అంబదాసు మొహం చూడలేకపోయారట. వాడ పోతుందని కాదు వాడి ఏడుపు. అవ్వ ఆకలితో తిరుగుతుందే అని. వాడు లేచి విస్తరి దగ్గరికి పోయాడు. ఆరిపోయిన తునికాకు చుట్టను చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. చూసి, నిప్పుకణిక తీసుకుని, చుట్టను నోట్లో పెట్టుకుని ముట్టించాడు. గట్టిగా ఒక గుంజు గుంజాడు.

జనం అంతా గొల్లుమన్నారు. భద్రయ్య కర్ర నేలకేసి కొట్టాడు.

"సచ్చినోల్లకు ఎంగిలి పెడ్తవార!"

అంబదాసు పొగ వదిలాడు. భయపడుతూనే చెప్పాడు, కానీ చెప్పాడు.

"అవ్వ ఒక్కనాడు సుత తన చుట్ట తను ముట్టిచ్చుకోలే చిన్నాయినా. నా మగ్గంకాడికి వచ్చి కూసుండేది. నేను సగం తాగి ఇస్తె తను రెండు గుంజులు గుంజేది. మల్ల నాకే ఇచ్చేది. నేను తాగేది. బతికినన్నొద్దులు నా ఎంగిలి ఆమె తాగింది, ఆమె ఎంగిలి నేను తాగిన. మీరు వెలేస్తరని చెప్పలే. వెలేస్తె వెయ్యిండ్రి. కని ఎవ్వలు తాగని చుట్ట పెడ్తె అవ్వ ఎట్ల ముడ్తది? ఒక్కతే కూసోని ఎన్నడు తాగింది?"

కులం తెలియని ముసలమ్మ నోట్లోది తీసుకుని తాగానని మూడు వాడలోళ్ళ ముందర ఒప్పుకున్నాడు. ఆ కాలంలో అది చిన్న మాట కాదు. ఇప్పుడు మాత్రం చిన్న మాటా ఏమిటి?

కొంచెంసేపటికి గొల్లల్లోంచి కొంరయ్య లేచాడు. గొంతు సవరించుకున్నాడు.

"నేను గూడ" అన్నాడు. గుట్ట మీద గాలికి ఇద్దరూ ఒకే గొంగట్లో కూర్చుని ఒకే చుట్ట తాగేవాళ్ళట. ఇంట్లో భార్యకు కూడా చెప్పలేదట.

బెస్తల్లోంచి గంగు లేచింది. "నేను గూడ" అంది. ఒక్కసారి కాదు, వల ఆరేసిన ప్రతిసారీ అంది.

అంతే, కట్ట తెగింది. నేను గూడ, నేను గూడ అని ఒక్కొక్కరే లేచారు. మూడు వాడల్లో అందరూ తాగారు, ఎవరికి వాళ్ళు తామొక్కరే తాగామనుకుని దాచుకున్నారు. అందుకే కదా మూడు వాడల వాళ్ళూ మూడు ఆకులు చెప్పింది. ఎవరూ అబద్ధమాడలేదు. ఈదవ్వ ఎవరి పక్కన కూర్చుంటే వాళ్ళ ఆకు తాగింది. ఆమెకు ఆకు రుచి తెలుసు, కానీ ఆమె వచ్చింది ఆకు కోసం కాదు. పక్కన మనిషి కోసం.

అందరూ లేచి నిలబడ్డారు. భద్రయ్య ఒక్కడే మిగిలాడు. జనం ఆయన వైపు చూశారు. ఆయన వాగు వైపు చూశాడు. మీసం దువ్వుకున్నాడు. చాలాసేపటికి అంబదాసు దగ్గరికి నడిచి వచ్చి చెయ్యి చాపాడు.

"నిప్పియ్యి" అన్నాడు, నేల చూస్తూ.

నవ్వు రాలేదు ఎవరికీ. గొల్లలు మోదుగాకు చుట్ట ముట్టించి తలా ఒక గుంజు గుంజి సగం పెట్టారు. బెస్తలు ఆరె ఆకుది తాగి సగం పెట్టారు. అంబదాసూ భద్రయ్యా ఒకే తునికాకు చుట్టను మార్చి మార్చి తాగి సగం పెట్టారు. విస్తరి పక్కన మూడు సగాలు, మూడింటి మీదా పొగ. అవ్వా, తీసుకో అన్నాడు అంబదాసు.

కాకి దిగింది. అది చుట్టలు తాగుతుందా ఏమిటి? తిన్నగా పోయి గుడ్డును పొడిచింది. వెంటనే మిగతా కాకులన్నీ దిగాయి. మేకకూర, చేపల పులుసు, అన్నం, ఏదీ మిగల్చలేదు. ఆడవాళ్ళు ఏడ్చారు, మగవాళ్ళు కూడా ఏడ్చారు. పొయ్యిలు రాజుకున్నాయి. ఆ రోజు ఎవరి వాడలో ఎవరు తిన్నారో ఎవరూ అడగలేదు. అంబదాసు కొడుకు హోదాలో బూడిదను వాగులో కలిపాడు.

గుట్ట మీది వాళ్ళు ఒక్కరోజులో బంగారం అయిపోయారని నేను చెప్పను. మర్నాటి నుంచి ఏ ఆకు గొప్పో మళ్ళీ వాదులాట మొదలైంది. కాకి మొదట ఏ చుట్ట వైపు నుంచి దిగిందో ఇప్పటికీ తేలలేదు. కానీ ఒకటి మాత్రం నిలిచిపోయింది. ఆ దిక్కున పోయినవాళ్ళ విస్తరి దగ్గర చుట్ట ఊరికే పెట్టరు. బతికి ఉన్నవాళ్ళు ఎవరో ఒకరు నోటితో ముట్టించి, ఒక గుంజు గుంజి పెట్టాలి. పొగ మానేసిన ఇళ్ళలో కూడా కల్లైతే ఒక గుక్క తాగి పెడతారు, గారె అయితే కొసన కొరికి పెడతారు. పెద్దకులం చిన్నకులం అని ఎవరైనా చెయ్యి వెనక్కి తీసుకుంటే, ఈదవ్వ ఎంగిలి, ఏం గాదు అంటారు. బడి పిల్లలు సగం కొరికిన జామకాయ పక్కవాడికి ఇస్తూ కూడా అదే మాట అంటారు. వాళ్ళకు ఈదవ్వ ఎవరో తెలియదు. తెలియకపోయినా తింటారు.

మా ఇంటాయన పోయినప్పుడు మూడోనాడు నేనే ముట్టించాను. ఆయన తాగేది తునికాకు. బతికి ఉన్నప్పుడు ఆ పొగ కోసం ఆయనను వాకిట్లోకి తరిమిన దాన్ని నేను, ఏనాడూ నోట పెట్టి ఎరగను. కొడుకులు మేం పెడతాంలే అన్నారు. వద్దన్నాను. ఒక గుంజు గుంజి, పేగులు బయటికి వచ్చేలా దగ్గి, విస్తరి పక్కన పెట్టాను. పొగకు కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయని కోడలు మంచినీళ్ళు తెచ్చింది. పిట్ట ముట్టేదాకా తాగనన్నాను. ఆ నీళ్ళ చెంబు ఇంకా కోడలి చేతిలో ఉండగానే పిట్ట ముట్టింది.